తీసేయించమని అడిగే ముందు: మాట, మనోభావం, ఇంటర్నెట్

(ఒంగోలులో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయ హాలులో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్లకి వినపడతా ఉందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

ఈ మధ్య ఏ లాయరు గుమ్మం దగ్గర చూసినా రెండు రకాల మనుషులు కనపడతా ఉన్నారు. ఒకాయన వచ్చి, "సార్, ఫలానావాడు ఫేస్‌బుక్‌లో ఇట్టా పెట్టాడు, మా మనోభావాలు దెబ్బతిన్నాయి, కేసు పెట్టి అది తీసేయించండి" అంటాడు. ఇంకొకాయన వచ్చి, "సార్, ఫేస్‌బుక్‌లో ఒక ముక్క రాశాను, స్టేషన్ నుంచి ఫోనొచ్చింది, ఏం చెయ్యమంటారు" అంటాడు. తమాషా ఏందంటే, ఒక్కోసారి ఈ ఇద్దరూ ఒకే మనిషి. మధ్యలో ఒక ఎలక్షన్ జరిగి ఉంటుంది, అంతే.

అందుకని ఈరోజు ఒకటే అడుగుదాం. మనోభావాలు అనే మాట రాజ్యాంగంలో ఎక్కడుంది? ఎవరైనా చెప్పగలరా? 19వ అధికరణ ఒకటో క్లాజు ఏ, మాట్లాడే హక్కు ఇచ్చింది. రెండో క్లాజు, ఆ హక్కుకి కళ్లెం ఎక్కడ వెయ్యొచ్చో చెప్పింది. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. దేశ సార్వభౌమత్వం, సమగ్రత ఒకటి. రాజ్య భద్రత రెండు. విదేశాలతో స్నేహం మూడు. శాంతిభద్రతలు నాలుగు. మర్యాద, నైతికత అయిదు. కోర్టు ధిక్కారం ఆరు. పరువు నష్టం ఏడు. నేరానికి ఉసిగొల్పడం ఎనిమిది. అయిపోయింది. తొమ్మిదోది లేదు. "నాకు నొప్పి కలిగింది" అనేది ఆ ఎనిమిదిలో లేదు. నొప్పి అబద్ధమని నేను అనను. నొప్పి ఒక్కటే ఉంటే చాలదు, ఆ ఎనిమిదిలో ఏదో ఒకదానికి ముడిపడాలి అంటున్నాను.

ఆ ఎనిమిదిలో నాలుగోది, శాంతిభద్రతలు, మొదట్లో లేదు. అది ఎట్టా వచ్చిందో ఇక్కడి వాళ్లు తెలుసుకోవాలి, ఎందుకంటే అందులో మన పాత రాష్ట్రానికి వాటా ఉంది. 1950లో ఈ ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. గుంటూరు, నెల్లూరు అంతా మద్రాసు రాష్ట్రం. బొంబాయిలో రమేశ్ థాపర్ అనే ఆయన క్రాస్ రోడ్స్ అని ఇంగ్లీషు వారపత్రిక నడిపేవాడు. అది మన రాష్ట్రంలోకి రాకూడదని మద్రాసు ప్రభుత్వం 1950 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. రాజ్యాంగం వచ్చి అప్పటికి 5 వారాలు. సిరా ఇంకా ఆరలేదు! ఆయన నేరుగా సుప్రీంకోర్టుకి పోయాడు. మే నెలాఖరుకి తీర్పు వచ్చేసింది: ప్రజా భద్రత అనే విశాలమైన మాట చెప్పి పత్రికను ఆపడం చెల్లదు, రాజ్య భద్రతకి ముప్పు ఉంటేనే ఆపాలి అని. ప్రభుత్వం ఏం చేసింది? 1951 జూన్‌లో మొదటి సవరణ తెచ్చి శాంతిభద్రతలు, విదేశాలతో స్నేహం, నేరానికి ఉసిగొల్పడం అనే మూడు కారణాలు చేర్చింది. దాంతోపాటు ఆంక్ష "సమంజసమైనది" అయి ఉండాలి అనే మాట కూడా చేరింది. ఆ ఒక్క మాట పట్టుకునే ఇప్పటికీ కోర్టుల్లో వాదిస్తా ఉన్నాం.

మాట ఎవరినో ఒకరిని నొప్పించకుండా ఉంటుందా? పక్కన నెల్లూరు జిల్లా దూబగుంటనే చూడండి. 1992లో అక్షరాస్యత తరగతిలో సారా మీద పాఠం చదివిన ఆడవాళ్లు లేచి సారా దుకాణం మూయించారు. రోశమ్మ గారి పేరు మీ అందరికీ తెలుసు. ఆ పాఠం సారా కాంట్రాక్టర్లకి నొప్పి కలిగించలేదా? బ్రహ్మాండంగా కలిగించింది. నొప్పే కొలమానం అయితే మొదట ఆగిపోవాల్సింది ఆ పాఠమే.

ఇక ఇంటర్నెట్‌కి వద్దాం. ఐటీ చట్టంలో 66ఏ అని ఒక సెక్షన్ ఉండేది. 2009 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. కంప్యూటర్‌తోనో ఫోన్‌తోనో తీవ్ర అభ్యంతరకరమైనది పంపినా, అబద్ధమని తెలిసి చికాకు, అసౌకర్యం కలిగించడానికి పంపినా 3 ఏళ్ల దాకా జైలు. చికాకు! మనలో ఎవరు ఎవరికి చికాకు కలిగించలేదు చెప్పండి. 2012లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి బంద్ ఎందుకని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి రాసింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. ఆ తర్వాత శ్రేయా సింఘల్ అనే న్యాయ విద్యార్థిని సుప్రీంకోర్టుకి పోతే, 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. ఆ బెంచిలో ఇద్దరు జడ్జీలు. ఒకరు నారిమన్, ఇంకొకరు మన కృష్ణా జిల్లా ఆయన, చలమేశ్వర్. కొట్టేశాక అయిపోయిందా? లేదు. పోలీసులు ఏళ్ల తరబడి అదే సెక్షన్ కింద కేసులు కడతానే ఉన్నారు. చివరికి 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సొచ్చింది, బాబూ ఆ సెక్షన్ లేదు, దాని కింద ఎవరినీ విచారించకూడదు అని. చచ్చిన సెక్షన్ 7 ఏళ్లు నడిచింది. మీ చేతికొచ్చిన ఎఫ్ఐఆర్‌లో 66ఏ కనపడితే ఇప్పటికీ ముందు దాన్ని చూపించండి.

ఆ తీర్పులో మనకి పనికొచ్చే మెట్లు మూడున్నాయి. చర్చ ఒకటి, ఒక వాదాన్ని గట్టిగా సమర్థించడం రెండు, ఉసిగొల్పడం మూడు. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా ఆపకూడదు. మూడో మెట్టు ఎక్కితేనే కళ్లెం.

మన తిరునాళ్లనే తీసుకుందాం. ఊళ్లో బండలాగుడు పందెం పెట్టారు. ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకడు రాశాడు: "ఈ పందేలు దండగ, ఎద్దుల్ని హింసపెట్టడమే". ఒంగోలు గిత్తల గడ్డ మీద ఆ మాటంటే మండుతుందా లేదా? మండుతుంది. అయినా అది చర్చ. రెండోవాడు రాశాడు: "పందేలు నిషేధించాల్సిందే, కమిటీ వాళ్లు చందాలు తినేశారు". నిషేధించాలనడం సమర్థన, ఫరవాలేదు. చందాలు తిన్నారు అన్నాడే, అక్కడ వేరే గుమ్మం తెరుచుకుంది, పరువు నష్టం. దాని సంగతి తర్వాత. మూడోవాడు రాశాడు: "రేపు పొద్దున 6కి ఫలానా వీధి వాళ్ల జత లారీలో వస్తుంది, మలుపు దగ్గర ఆపి కొట్టండి". టైము ఉంది, చోటు ఉంది, ఎవర్ని కొట్టాలో ఉంది, ఏం చెయ్యాలో ఉంది. ఇది ఉసిగొల్పడం. దీన్ని పోలీసులు క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆపాలి. ఇంకొకడు ఎస్సీ కాలనీ వాళ్లని కులం పేరుతో అవమానిస్తూ రాస్తే అది అట్రాసిటీ చట్టం పరిధి, "ఊరికే జోకేశాను" అంటే అక్కడ కుదరదు.

చూశారా, నాలుగూ ఒకే గ్రూపులో, ఒకే రాత్రి వచ్చాయి. నాలుగింటినీ కలిపి "మనోభావాలు" అని ఒకే సంచిలో వేస్తే ఏమవుతుంది? మొదటివాడు జైలుకి పోతాడు, మూడోవాడు గుంపులో తప్పించుకుంటాడు. గ్రూపు అడ్మిన్ సంగతి అడుగుతారు మీరు. అడ్మిన్ అయిన పాపానికి ఇంకొకడి పోస్టుకి నేరస్తుడు కాడని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. తనే ఎగదోస్తే వేరు.

మరి మతాన్ని అవమానిస్తే? దానికి సెక్షన్ ఉంది. పాత శిక్షాస్మృతి, అంటే ఐపీసీలో 295ఏ, బ్రిటిష్ వాళ్లు 1927లో పెట్టింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 299. 3 ఏళ్ల దాకా శిక్ష. కానీ చదవండి దాన్ని. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అని రెండు మాటలూ ఉండాలి. 1957లోనే సుప్రీంకోర్టు చెప్పింది, తెలియక, అజాగ్రత్తగా చేసిన అవమానం దీని కిందికి రాదని. వర్గాల మధ్య వైరం పెంచడం, పాత 153ఏ, ఇప్పుడు 196. ఈ రెంటికీ ఇంకో తాళం ఉంది. ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా కోర్టు కేసును విచారణకి తీసుకోకూడదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 217 చూడండి. చాలా కేసులు ఇక్కడే కూలిపోతాయి. కూలిపోయేలోపు మనిషి రెండు మూడేళ్లు వాయిదాలకి తిరుగుతాడు, అది వేరే సంగతి. అసలు శిక్ష అదే అంటాను నేను.

నొప్పిని ఎవరి మనసుతో కొలవాలి? 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ అనే ఎంపీ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. ఒక పద్యం పెట్టినందుకు గుజరాత్‌లో ఎఫ్ఐఆర్ అయింది, కొట్టేశారు. స్థిరమైన, ధైర్యమున్న మనిషి మనసుతో కొలవాలిగానీ, ప్రతిదానికీ ఉలిక్కిపడేవాడి మనసుతో కాదు అన్నారు. ఇంకొక పనికొచ్చే మాట కూడా అన్నారు. 3 నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష ఉన్న నేరమైతే, అదే సురక్షా సంహిత 173 సెక్షన్ మూడో క్లాజు కింద డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చెయ్యొచ్చు. మాటకి సంబంధించిన కేసుల్లో ఎఫ్ఐఆర్ కట్టే ముందు ఇది చెయ్యడమే సబబు అని. కాబట్టి స్టేషన్‌లో లాయరు మొదట అడగాల్సింది "ప్రాథమిక విచారణ జరిగిందా?" అని. చాలామంది అడగరు. నేరుగా బెయిలుకి పరిగెత్తుతారు.

ఇప్పుడు ఆ రెండో మనిషి, ఫోనొచ్చిన మనిషి. ఆయన ఏం చెయ్యాలి? కాగితం ఉంటే రాసుకోండి.

ఫోన్ పిలుపు నోటీసు కాదు. 7 ఏళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు అవసరం లేదనుకుంటే పోలీసులు సురక్షా సంహిత 35 సెక్షన్ మూడో క్లాజు కింద నోటీసు ఇవ్వాలి. మనవాళ్లు ఇంకా పాత నెంబరు ఫార్టీవన్ ఏ అనే అంటున్నారు, అదే ఇది. వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చేతికి కాగితం రావాలి, క్రైమ్ నెంబరు, సెక్షన్లు ఉండాలి. వచ్చాక మాత్రం తప్పకుండా పోవాలి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. నోటీసుకి హాజరైతే అరెస్టు చెయ్యకూడదు, చెయ్యాలంటే కారణాలు రాయాలి. పోకపోతే ఆ రక్షణ మీరే పోగొట్టుకున్నట్టు. అరెస్టు చేస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. సోషల్ మీడియా కేసుల్లో యాంత్రికంగా రిమాండు వెయ్యొద్దని మన రాష్ట్ర హైకోర్టు 2025 జులైలో మేజిస్ట్రేట్లకి సర్క్యులర్ పంపింది. ఆ కాగితం మీ లాయరు దగ్గర ఉండాలి.

ఫోన్ తీసుకుంటే, స్వాధీనం చేసుకునేదంతా వీడియో తియ్యాలని సురక్షా సంహిత 105 సెక్షన్ చెప్తుంది. జాబితాలో ఐఎంఈఐ నెంబరు, అంటే ఆ ఫోనుకే ఉండే గుర్తింపు నెంబరు రాయించండి, కాపీ అడగండి. ఇంకొకటి. భయపడి పోస్టు, దాని కింద కామెంట్లు మొత్తం తుడిచేస్తారు. తుడిచాక ఏం మిగులుతుంది? ఫిర్యాదు చేసినవాడు కత్తిరించుకున్న స్క్రీన్‌షాట్ మిగులుతుంది. పైన మీరు రాసిన రెండు వాక్యాలు, కింద ఇచ్చిన వివరణ పోయాయి. పైగా సాక్ష్యం మాయం చేశాడని ఇంకో సెక్షన్. ముందు మొత్తం భద్రపరచండి, తర్వాత లాయరుతో మాట్లాడి నిర్ణయించుకోండి. ఒకే పోస్టు మీద పది ఊళ్లలో ఎఫ్ఐఆర్‌లు పడితే కంగారొద్దు. ఒకే ఘటన మీద రెండో ఎఫ్ఐఆర్ చెల్లదని 2001 నుంచి తీర్పు ఉంది. క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమని అడిగేది, హైకోర్టులో సురక్షా సంహిత 528 కింద. పాత 482 అది. ఇప్పుడు 482 అంటే ముందస్తు బెయిలు. నెంబర్లు మార్చి మా బుర్రలు తిన్నారులెండి.

మొదటి మనిషి దగ్గరికి వద్దాం. ఆయన బాధ కూడా నిజమైనదే కావచ్చు. కూతురి ఫోటో మార్ఫింగ్ చేసి పెట్టారనుకోండి. దానికి వాక్ స్వాతంత్య్రం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అక్కడ తీసేయించాల్సిందే, గంటల్లో తీసేయించాలి. 2021 ఐటీ రూల్స్ వచ్చినప్పుడే నగ్నత్వం, మార్ఫింగ్ ఫిర్యాదుకి 24 గంటల గడువు పెట్టారు, మామూలు ఫిర్యాదుకి 15 రోజులు. తర్వాత సవరణల్లో ఈ గడువులు ఇంకా తగ్గుతా వచ్చాయి, ఫిర్యాదు పెట్టే రోజున చూసుకోండి.

ఫిర్యాదు ఎక్కడ చెడుతుందో చెప్తాను. లింకు దగ్గర. ప్రొఫైల్ లింకు పంపుతారు, పోస్టు లింకు పంపరు. ఫేస్‌బుక్‌లో పేరు కింద ఉన్న తేదీ మీద నొక్కితే ఆ ఒక్క పోస్టే తెరుచుకుంటుంది, ఆ లింకు కావాలి. వీడియో అయితే ఎన్నో నిమిషం, ఎన్నో సెకను రాయాలి. తెలుగు తిట్టుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంటే కంపెనీలో చూసేవాడికి అర్థం కాదు, అర్థం మీరే రాసి పంపాలి. ముందు యాప్‌లో రిపోర్టు, తర్వాత ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరు. ఆయన పేరు, చిరునామా వాళ్లు బయటపెట్టి తీరాలి. అక్కడ న్యాయం జరగకపోతే 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీ. ఇది 2023లో వచ్చింది, అంతా ఆన్‌లైన్‌లోనే, ఢిల్లీ పోనక్కర్లేదు.

చందాలు తిన్నారన్నాడే, ఆ కమిటీ వాళ్లు? పరువు నష్టం, న్యాయ సంహితలో కొత్త నెంబరు 356. పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదిది. మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లయింటు వేసుకోవాలి, 3 ఏళ్లలోపు. సివిల్‌గా నష్టపరిహారం అడగాలంటే ఏడాదే గడువు, చాలామంది ఇక్కడ జారిపోతారు.

ఇక "ప్రభుత్వమే బ్లాక్ చేయించాలి" అనే మాట. రెండు దారులున్నాయి. ఐటీ చట్టంలో 69ఏ ఒకటి. అందులో పరువు నష్టం లేదు, మర్యాద లేదు, మనోభావాలు అసలే లేవు. భద్రత, శాంతిభద్రతలు, అట్టాంటివే. కమిటీ ఉంది, కారణం రాయాలి, పోస్టు పెట్టినవాడు దొరికితే జవాబుకి కనీసం 48 గంటలివ్వాలి. ఈ రక్షణలు ఉన్నాయి కాబట్టే 66ఏ కొట్టేసిన తీర్పులోనే దీన్ని ఉంచారు. కానీ ఈ సెక్షన్‌కి పెట్టిన 2009 రూల్స్‌లో 16వ రూల్, అంతా రహస్యం అంటుంది. మీ పేజీ ఎందుకు మూశారని అడిగితే ఆ రూల్ చూపిస్తారు. కారణం తెలియకుండా అప్పీలు ఎట్టా వెయ్యాలి? రెండో దారి అదే చట్టంలో 79 సెక్షన్ మూడో క్లాజు బి, దాని కింద తీసేయమని ప్రభుత్వం కబురు పంపే సహయోగ్ పోర్టల్. ఇందులో ఆ 48 గంటల జవాబు కూడా లేదు. కంపెనీకి కబురు పోతుంది, తీసేస్తారు. ఎక్స్ కంపెనీ, పాత ట్విట్టర్, దీని మీద కర్ణాటక హైకోర్టుకి పోతే 2025 సెప్టెంబరులో ఆ కంపెనీ పిటిషన్‌నే కొట్టేశారు. నాకు ఆ తీర్పు నచ్చలేదు, చెప్పడానికి మొహమాటం లేదు. 2025 నవంబరు నుంచి ఒక మెలిక పెట్టారు: జాయింట్ సెక్రటరీ స్థాయి, పోలీసుల్లో అయితే డీఐజీ స్థాయికి తగ్గని అధికారే ఈ కబురు పంపాలి. కాబట్టి మీ ఊరి ఎస్సై గారి మీద అరిచి లాభం లేదు.

బ్లాక్ చేస్తే ఒక్క పేజీయే పోతుందా? పోదు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ తాళమేసిన కవర్లో నడుస్తాయి. మీ ఇంటర్నెట్ కంపెనీకి కవరు మీది సైటు పేరే కనపడుతుంది, లోపల ఏ పేజీ చూస్తున్నారో కనపడదు. ఒక్క పేజీ ఆపమంటే వాళ్లు సైటు మొత్తం ఆపాల్సిందే. ఒక చేలోకి నీళ్లు పోకూడదని చెరువు తూము మూస్తే ఏమవుతుంది? ఆయకట్టంతా ఎండుతుంది. 2014 డిసెంబరులో తీవ్రవాద ప్రచారం ఆపడానికని 32 సైట్లు బ్లాక్ చేయించారు. అందులో ప్రోగ్రామర్లు పని చేసుకునే గిట్‌హబ్ ఉంది, పాత పుస్తకాలు దొరికే ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది. ప్రచారం చేసేవాడు రెండు నిమిషాల్లో వీపీఎన్, అంటే బ్లాక్‌ని దాటించే దొడ్డిదారి, పెట్టుకున్నాడు. ఎండిపోయింది మనమే.

మొత్తం నెట్ ఆపేయడం ఇంకా మొరటు పద్ధతి. 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు కోనసీమలో రోజుల తరబడి ఆపారు. అట్టాంటి ఉత్తర్వు బయటపెట్టాలని, అవసరానికి మించి ఉండకూడదని 2020 జనవరిలోనే అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 15 రోజులకి మించకూడదని రూల్ ఉంది. మన దగ్గర ఒక్కరోజు ఆపితే ఏమవుతుందో ఆలోచించండి. తెల్లవారుజామున రొయ్యలు పట్టారు, ఐసు వేశారు. 100 కౌంటు, అంటే కిలోకి 100 తూగే రొయ్య, ధర ఎంతుందో వాట్సాప్‌లో రావాలి. రాదు. గట్టు మీద నిలబడ్డ వ్యాపారి చెప్పిందే ధర. ఎవడో పెట్టిన పోస్టుకి రొయ్యల రైతు జరిమానా కట్టాడు.

చివరిగా సాక్ష్యం. మీరు ఫిర్యాదుదారైనా, ముద్దాయైనా ఒకటే పద్ధతి. వట్టి స్క్రీన్‌షాట్ ప్రింటు తీసుకొస్తే కోర్టు తీసుకోదు. కొత్త సాక్ష్య చట్టం, అంటే సాక్ష్య అధినియం, 63 కింద సర్టిఫికెట్ కావాలి, పాత చట్టంలో 65బి. రెండు భాగాలుంటాయి. ఏ భాగం ఫోను యజమాని సంతకం, బి భాగం నిపుణుడి సంతకం, ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. ఆ విలువ వేలిముద్ర లాంటిది, ఫైల్లో ఒక్క చుక్క మారినా మారిపోతుంది. అందుకని స్క్రీన్‌షాట్‌ని కత్తిరించొద్దు, ఎర్ర గీత కొట్టొద్దు, వాట్సాప్‌లో పంపించుకోవద్దు. పంపితే సైజు తగ్గి ఫైలే మారిపోతుంది. కేబుల్‌తో దించండి. పోస్టు తీసేయించే ముందే ఇదంతా చెయ్యాలి. తీసేశాక కంపెనీలు 180 రోజులు దాచాలని రూల్స్ ఉన్నాయిగానీ, అది బయటికి రావాలంటే పోలీసులో కోర్టో అడగాలి. ఆరునెల్లు మనకి వాయిదాల్లోనే గడిచిపోతాయి.

అక్కడ మూడో వరుసలో పెద్దాయన చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు. మైకు అటు ఇవ్వండి నాయనా. చెప్పండి సార్.